ఇల్లాలి వ్యాసంగం: ఎవరి కాలంతో?

ఈ మధ్య ఒక సాహిత్య పాఠశాలలో కథానిక గురించి మాట్లాడి కూర్చున్నాను. డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి లేచి అడిగింది: "మేడమ్, మన కథల్లో ఇల్లాలు చివరికి మేలుకుంటుంది. వీణో, కుంచో, కలమో మళ్ళీ చేతిలోకి తీసుకుంటుంది. కథ అక్కడితో అయిపోతుంది. మర్నాడు పొద్దున ఆ ఇంట్లో ఇడ్లీ పిండి ఎవరు రుబ్బారు?"

సభలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అది నవ్వించడానికి వేసిన ప్రశ్న కాదు. స్త్రీవాద సాహిత్యం చదివేవాళ్ళూ రాసేవాళ్ళూ జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న. ఒక ఇల్లాలు, ఒక తల్లి, తనకు ప్రాణమైన వ్యాసంగాన్ని నిలుపుకోవడం అంటే ఆచరణలో ఏమిటి? అందుకు ఏమేం కావాలి? వాటిని ఎవరు సమకూర్చాలి? ఈ వ్యాసంలో నేను ఆలోచించదలచింది ఈ విషయాన్నే.

తీరిక అనే మాట

ముందు మాటల సంగతి చూద్దాం. మగవాడు ఆఫీసు నుంచి వచ్చి రాత్రిళ్ళు పద్యాలు రాసుకుంటే అది సాహిత్య వ్యాసంగం. అదే పని ఇల్లాలు చేస్తే "తీరిక వేళల్లో ఏదో రాసుకుంటుంది". పని ఒకటే, పేర్లు రెండు. మొదటిదానికి గౌరవం, రెండోదానికి అనుమతి. అనుమతి ఇచ్చినవాడు దాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలడు. ఇంటికి చుట్టాలొస్తే, పిల్లాడికి జ్వరమొస్తే, మొట్టమొదట ఆగిపోయేది ఆ కాలక్షేపమే.

ఇంతకీ ఆ తీరిక ఎంత? 2019లో మన దేశంలో జరిగిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు అందుకు వెచ్చించే కాలం సగటున రోజుకు 299 నిమిషాలు. పురుషులు వెచ్చించేది 97 నిమిషాలు. 2024 సర్వేలో ఈ అంకెలు 289, 88. పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునే కాలం ఇందులో కలవలేదు, దాని లెక్క వేరు. ఈ అయిదేళ్ళలో స్త్రీకి పది నిమిషాలు తగ్గాయి. ఆ పది నిమిషాలనూ మగవాడు పంచుకున్నాడా అంటే, అతనికీ తొమ్మిది నిమిషాలు తగ్గాయి!

అయితే అంకెలు సగం సంగతే చెబుతాయి. స్త్రీకి మిగిలిన కాలం ఎలాంటిదన్నది రెండో సగం. ఇల్లాలికి కాలం తునకలుగా దొరుకుతుంది. కుక్కరు మూడో కూతకీ నాలుగో కూతకీ నడుమ అయిదు నిమిషాలు, పాలు పొంగేలోపు రెండు నిమిషాలు, పిల్లలు నిద్రపోయాక, తనకూ నిద్ర ముంచుకొచ్చే ముందు, ఒక పావుగంట. అన్నీ కూడితే రోజుకు గంట పైనే తేలవచ్చు. కాని ఆ గంటలో ఒక రాగం సాధన చెయ్యలేం, ఒక కథను ఎత్తుగడ నుంచి ముగింపు దాకా ఆలోచించలేం. వ్యాసంగం చచ్చిపోయేది ఇష్టం లేక కాదు, అతుకు లేని కాలం లేక. ఈ భౌతిక సత్యాన్ని పక్కనబెట్టి "మనసుంటే మార్గముంటుంది" అని ఇల్లాలికి చెప్పడం, నేరాన్ని ఆమె మీదికే నెట్టడం.

పనిలోనే పాట

ఈ తునకల కాలంలోంచే మన స్త్రీలు సాహిత్యం పుట్టించారన్నది కూడా నిజమే. రోకటి పాటలు, తిరగలి పాటలు, నాట్ల పాటలు, జోల పాటలు - వీటికి విడిగా ఒక గది అక్కర్లేదు. చేతులు పనిలో ఉంటే నోరు పాటలో ఉంది. దంపుడు వేగమే పాటకు తాళం. బిరుదురాజు రామరాజు "తెలుగు జానపద గేయ సాహిత్యము" 1958లో అచ్చయి ఈ సంపదకు పండిత లోకంలో చోటు దొరికింది. నేదునూరి గంగాధరం వంటివారు ఊరూరా తిరిగి సేకరించారు. పాటలు మిగిలాయి. కట్టినవాళ్ళ పేర్లు మిగల్లేదు.

ఇక్కడ మనం ఒక పొరపాటు చేస్తుంటాం. "ఆ రోజుల్లో ఆడవాళ్ళు హాయిగా పాడుకుంటూ పని చేసుకునేవారు" అని మురిసిపోతాం. పాట చాకిరీని తేలిక చేసిందే గాని తగ్గించలేదు. తర్వాత మిక్సీ వచ్చింది, గ్యాసు వచ్చింది. దంపుడు పోయింది, దానితో పాటా పోయింది. మిగిలిన ఆ గంట మాత్రం ఇల్లాలి చేతికి రాలేదు. పిల్లల హోంవర్కు, నాలుగు రకాల టిఫిను డబ్బాలు దాన్ని మింగేశాయి. యంత్రం పనిని మారుస్తుంది. పని ఎవరిదన్న నియమాన్ని దానంతటది మార్చదు.

ఆ నియమాన్ని దొంగచాటుగా దాటినవాళ్ళు ఉన్నారు. బెంగాల్‌లో రాససుందరీ దేవి పన్నెండుమంది బిడ్డల తల్లి. చైతన్య భాగవతం పుస్తకంలోని ఒక పుటను వంటింట్లో దాచుకుని, కొడుకు రాసుకున్న తాటాకుతో పోల్చుకుంటూ అక్షరాలు నేర్చింది. ఆమె ఆత్మకథ "ఆమార్ జీబన్" 1876లో అచ్చయింది. మన బండారు అచ్చమాంబ (1874-1905) బడికి వెళ్ళలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. బిడ్డల్ని పోగొట్టుకున్న దుఃఖంలోనూ "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాసింది. 1902లో "ధనత్రయోదశి" కథ రాసింది. వీళ్ళను తలచుకుని గర్వపడదాం. వీళ్ళనే కొలబద్దగా పెట్టి, "వాళ్ళు చేయగా లేనిది నువ్వెందుకు చెయ్యలేవు?" అని మాత్రం ఈనాటి ఇల్లాలిని అడగకూడదు. రెప్ప వెయ్యకుండా ఏరు దాటినవాళ్ళు ఒకరిద్దరున్నారని వంతెన కట్టడం మానుకుంటామా?

మేలుకొలుపు కథలు

మన కథాసాహిత్యం ఈ సమస్యను గట్టిగానే పట్టుకుంది. అబ్బూరి ఛాయాదేవి "బోన్‌సాయ్ బ్రతుకు" కథలో కుండీలో కుదించి పెంచిన చెట్టు స్త్రీ జీవితానికి ప్రతీక. విమల "వంటిల్లు" కవితలో వంటింటి గిన్నెలమీద కూడా తండ్రి పేరే ఉంటుంది.

పి. సత్యవతి "ఇల్లలకగానే..." కథ నా విషయానికి మరీ దగ్గరది. ఇల్లలుకుతూ పేరు మరచిపోయిన ఈగ కథ మనందరికీ అమ్మమ్మలు చెప్పిందే. ఈగ కనబడినవాళ్ళనల్లా తన పేరు అడుగుతూ పోతుంది. సత్యవతి ఈగ స్థానంలో ఇల్లాలిని నిలబెట్టింది. ఇరుగుపొరుగుకు ఆమె పేరు తెలియదు. పిల్లలకు ఆమె అమ్మ, భర్తకు ఆమె ఏమోయ్. చివరికి పాత స్నేహితురాలు కనబడి ఆమె పేరు శారద అని గుర్తు చేస్తుంది. పేరొక్కటే కాదు. బాగా చదివేదని, పాడేదని, బొమ్మలు వేసేదని కూడా చెబుతుంది. ఇది గమనించదగ్గ విషయం. మనిషి పేరు అంటే ఆ మనిషి ఇష్టంగా చేసిన పనులు. అవి పోయినప్పుడే పేరు పోయింది.

శారద తన పేరుతో ఇంటికి తిరిగొస్తుంది. కథ తన పని తాను పూర్తి చేసింది. కథ నుంచి అంతకుమించి అడగడం అన్యాయం. కాని ఒక సాహిత్యం మొత్తం మీద మేలుకొలుపు దగ్గరే ఆగిపోతే, ఆ అమ్మాయి వేసిన ఇడ్లీ పిండి ప్రశ్న మిగిలే ఉంటుంది.

నా నోటుపుస్తకం

ఇక్కడ నా సంగతి చెప్పక తప్పదు. ఎం.ఏ. తెలుగు చదివే రోజుల్లో మా అమ్మమ్మ దగ్గర, ఆమె వయసు వాళ్ళ దగ్గర కూర్చుని దంపుళ్ళ పాటలు రాసుకునేదాన్ని. రెండు నోటుపుస్తకాలు నిండాయి. వాటిమీద పెద్ద వ్యాసం రాయాలని కల. తర్వాత పెళ్ళి, ఇద్దరు పిల్లలు, ఎనిమిదేళ్ళు ఇల్లే లోకం. బి.ఇడి. చేసి ఉద్యోగంలో చేరిన ఏడాది అటక మీద నుంచి ఆ పుస్తకాలు దించాను. రెండో పుస్తకంలో సగం దాకా పాటలున్నాయి. ఆ తర్వాత పాల లెక్క, ఇస్త్రీ బట్టల పద్దు. అంతా నా దస్తూరీయే. ఎవరూ నా చేతిలోంచి కలం లాక్కోలేదు. అదే కలంతో, అదే పుస్తకంలో, పాట నుంచి పాలకు ఎప్పుడు మారానో నాకే తెలియలేదు.

మళ్ళీ మొదలుపెట్టాలనుకున్నాను. పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా నాది అనుకున్నాను. అందుకు నేను చేసిన ఏర్పాటు, చాలామంది చదువుకున్న స్త్రీలు చేసేదే. పనిమనిషిని రెండు గంటలు ముందు రమ్మన్నాను, జీతం కొంచెం పెంచాను. ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేదు. భర్త కాఫీ వేళ మారలేదు, అత్తగారి పూజ వేళ మారలేదు. నా స్త్రీవాదం ఎవరినీ నొప్పించలేదు. అక్కడే నాకు అనుమానం రావలసింది.

ఒకరోజు ఆమె అంట్లు తోముతూ నాట్ల పాట ఎత్తుకుంది. నేను అంతకుముందు వినని పాట. గబగబా పుస్తకం తెచ్చుకుని, పెరటి గుమ్మంలో కుర్చీ వేసుకుని రాసుకున్నాను. మధ్యలో "ఆ ముక్క మళ్ళీ చెప్పు" అని కూడా అన్నాను. ఆమె చేతులు ఆగలేదు, చెప్పింది. పాట అయ్యాక సంతోషం పట్టలేక, "ఇంత పొద్దున్నే వస్తున్నావు, చంటిదాన్ని ఎవరు చూస్తున్నారు?" అని అడిగాను.

"పెద్దది చూస్తాంది టీచరమ్మా. నేనెళ్ళినాకే దాన్ని బడికి తోల్తన్నా" అంది.

ఆ పెద్దపిల్ల మా బడిలోనే ఏడో తరగతి. ఆలస్యంగా వచ్చే పిల్లల్ని బయట నిలబెట్టే బాధ్యత మా బడిలో నాది. నెల రోజులుగా ఆ పిల్లను నిలబెడుతున్నది నేనే.

ఆ రోజు రాసుకున్న పాట కింద ఏమీ రాయలేకపోయాను. నా గంటన్నర ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. నా భర్త దగ్గర నుంచి రావలసిన కాలాన్ని నేను ఒక ఏడో తరగతి పిల్ల దగ్గర తీసుకున్నాను. వర్జీనియా ఉల్ఫ్ 1929లో స్త్రీ రాయాలంటే సొంత గదీ, సొంత ఆదాయం కావాలంది. మంచి మాట. ఆ గదిని ఊడ్చేదెవరన్న ప్రశ్నను మన వర్గ దృక్పథం దానికి చేర్చుకోవాలి.

ఆ తర్వాత ఇంట్లో జరిగింది అందంగా చెప్పుకోదగ్గది కాదు. పొద్దుటి వంట మావారిది అన్నాను. కొన్నాళ్ళు మాటలు లేవు. సాంబారు మాడింది, పిల్లలు అలిగారు, అత్తగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. వారానికి అయిదు రోజులన్న ఒప్పందం కుదరడానికి ఏడాది పట్టింది. ఇప్పటికీ పండగలకు అది రద్దవుతుంది. పనిమనిషిని పాత వేళకే రమ్మన్నాను. ఆ పిల్ల వేళకు బడికి వస్తోంది. కాని తల్లికి ఆ అదనపు డబ్బు పోయింది. అది ఆ ఇంటికి చిన్న మొత్తం కాదు. ఈ చిక్కును నా ఇంటి గోడల మధ్య నేను విప్పలేను. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం అంగన్వాడీలను ఇచ్చింది. కాని తల్లి తెల్లవారుతూనే పనికి పోతే చంటిపిల్లను ఉంచుకునే చోటు మా వాడలో లేదు. ఇల్లాలి వ్యాసంగం శిశుకేంద్రాల దాకా, కూలి రేట్ల దాకా పోయే ప్రశ్న. దాన్ని "వ్యక్తిగత అభిరుచి" అని కొట్టిపారెయ్యడం కుదరదు.

రచయితలు చెయ్యవలసింది

కాబట్టి, ఇల్లాలు తన వ్యాసంగాన్ని నిలుపుకోవాలంటే మూడు కావాలి. ఒకటి, అది కాలక్షేపం కాదు, పని అన్న గుర్తింపు - ముందు ఆమెకు, తర్వాత ఇంటికి. రెండు, రోజులో అతుకు లేని కొంత కాలం. మూడు, ఆ కాలం న్యాయంగా రావడం. అంటే ఇంట్లో పని చెయ్యని మనిషి నుంచి, బాధ్యత పడని సమాజం నుంచి రావాలి. తనకంటే బలహీనురాలైన మరో స్త్రీ నుంచి కాదు. మూడోది లేకపోయినా మొదటి రెండూ సాధించవచ్చు. నేను సాధించాను. కాని దాన్ని విముక్తి అనకూడదు. అది చాకిరీ బదిలీ.

యువ రచయితలకు నా విన్నపం ఒక్కటే. మేలుకొలుపు కథలు వచ్చాయి, ఇంకా రావాలి. వాటితోపాటు మర్నాటి కథలు కూడా రాయండి. శారద ఇంట్లో మంగళవారం పొద్దున ఏం జరిగిందో రాయండి. మాడిన సాంబారు, అలిగిన పిల్లలు, నేర్చుకోవలసి వచ్చిన మగవాడు - ఇవన్నీ వస్తువులే. అంట్లు తోముతూ పాడిన మనిషి వైపు నుంచి కూడా రాయండి. ఆమెకు పాట ఇష్టం. ఆ ఇష్టానికి ఎవరూ వ్యాసంగమన్న పేరు పెట్టలేదు.

దంపుళ్ళ పాటల మీద నా వ్యాసం ఇంకా పూర్తి కాలేదు. నాట్ల పాట ఉన్న పుట కింద మాత్రం ఇప్పుడు పాడిన మనిషి పేరుంది. ఆమె ఒప్పుకుంది. "నా పేరు పుస్తకంలో ఎందుకు టీచరమ్మా?" అని నవ్వి, తర్వాత తనే అడిగి, కూతురి చేత అక్కడ రాయించింది.