ఓవర్‌క్లాక్ చేసిన గ్రాఫిక్స్ కార్డు స్థిరత్వ పరీక్ష

తయారీదారు నిర్ణయించిన గడియార వేగం కంటే ఎక్కువ వేగంతో గ్రాఫిక్స్ కార్డును పనిచేయించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. అలా వేగం పెంచిన కార్డు తప్పులు చేయకుండా, ఆగిపోకుండా పనిచేయగలదో లేదో తెలుసుకొనుటకు దానిపై ఎక్కువ పనిభారం మోపి గమనించే ప్రక్రియే స్థిరత్వ పరీక్ష. పరీక్షలో దోషం కనబడితే కార్డు అస్థిరమని తేలిపోతుంది. కనబడకపోతే, ఆ పనిలో అంతసేపు దోషం బయటపడలేదని మాత్రమే అర్థం.

అస్థిరతకు కారణం

గ్రాఫిక్స్ కార్డులో ముఖ్యంగా రెండు భాగాల వేగం పెంచుతారు. ఒకటి లెక్కలు చేసే జీపీయూ అనే చిప్పు, రెండవది మెమరీ. ఉదాహరణకు 2006 నవంబరులో ఎన్విడియా సంస్థ విడుదల చేసిన జీఫోర్స్ 8800 జీటీఎక్స్ కార్డు ప్రధాన గడియార వేగం 575 మెగాహెర్ట్జ్, అనగా సెకనుకు 57.5 కోట్ల స్పందనలు. ఒక్కొక్క స్పందనకు దొరికే వ్యవధి సుమారు 1.74 నానోసెకన్లు. వేగాన్ని 640 మెగాహెర్ట్జ్‌కు పెంచితే ఆ వ్యవధి 1.56 నానోసెకన్లకు తగ్గుతుంది. ఆ లోపలే విద్యుత్ సంకేతం ఒక దశ నుండి మరొక దశకు చేరి కుదురుకోవాలి. ఉక్తలేఖనం మరీ వేగంగా చెబితే విద్యార్థి అక్షరాలు వదిలివేసినట్లే, వ్యవధి చాలనప్పుడు చిప్పు తప్పు విలువను గ్రహిస్తుంది.

వోల్టేజి పెంచితే సంకేతాలు త్వరగా కుదురుకొంటాయి, కాని వేడి పెరుగుతుంది. చిప్పు పనిలో ఖర్చయ్యే విద్యుత్తు వేగానికి, వోల్టేజి వర్గానికి అనులోమంగా ఉంటుంది. రెండింటినీ 10 శాతం చొప్పున పెంచితే ఆ ఖర్చు సుమారు 33 శాతం పెరుగుతుంది.

అస్థిరత లక్షణాలు

* తెరపై రంగు చుక్కలు, గళ్ళు, సాగిపోయిన త్రికోణాలు కనబడటం. వీటిని ఆర్టిఫాక్టులు అంటారు.
* తెర నల్లబడి మళ్ళీ రావడం. విండోస్ విస్టా నుండి, కార్డు సుమారు రెండు సెకన్లపాటు స్పందించకపోతే విండోస్ దానిని తిరిగి ప్రారంభిస్తుంది.
* కంప్యూటరు బిగుసుకుపోవడం, లేదా దానంతటదే ఆగిపోవడం. ఆగిపోవడానికి పవర్ సప్లై చాలకపోవడం కూడా కారణం కావచ్చు.
* వేగం పెంచినా పనితీరు తగ్గడం. 2008లో రేడియాన్ హెచ్‌డి 4870తో వచ్చిన జీడీడీఆర్5 మెమరీలో దత్తాంశ ప్రసారంలోని తప్పును గుర్తించి తిరిగి పంపే ఏర్పాటు ఉంది. అందువలన బొమ్మ బాగానే ఉన్నా పని నెమ్మదిస్తుంది.

పరీక్షా విధానం

1. మొదట అసలు వేగంతోనే పరీక్షించి ఉష్ణోగ్రతను, పనితీరు అంకెలను వ్రాసుకోవాలి.
2. చిప్పు వేగాన్ని మాత్రమే 10-20 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ, ప్రతిసారీ పది, పదిహేను నిమిషాలు పరీక్షించాలి.
3. దోషం కనబడగానే రెండు మెట్లు వెనుకకు రావాలి.
4. చిప్పును అసలు వేగానికి తెచ్చి మెమరీని ఇదే విధంగా పరీక్షించాలి. రెండింటినీ ఒకేసారి పెంచితే దోషం ఎక్కడిదో తెలియదు.
5. చివరకు రెండింటినీ కలిపి కొన్ని గంటలపాటు పరీక్షించి, రోజూ వాడే ఆటలు, ప్రోగ్రాములు కూడా నడిపి చూడాలి.

పరీక్షా సాధనాలు

త్రీడీమార్క్ ఆటలను పోలిన దృశ్యాలు నడిపి పనితీరును అంకెలలో తెలుపుతుంది. ఫర్‌మార్క్ బొచ్చుతో కప్పిన వలయాన్ని ఎడతెగకుండా గీయిస్తూ కార్డును విపరీతంగా వేడెక్కిస్తుంది. ఓసీసీటీ బొమ్మలలోని తప్పులను తానే లెక్కించగలదు.

ఎక్కువ వేడి పుట్టించే పరీక్షే కఠినమైనదని అనుకోరాదు. 2012 మార్చిలో జీఫోర్స్ జీటీఎక్స్ 680తో వచ్చిన జీపీయూ బూస్ట్ పద్ధతిలో చిప్పు తన విద్యుత్ ఖర్చును, వేడిని బట్టి వేగాన్ని మార్చుకొంటుంది. కనుక ఫర్‌మార్క్ నడిచేటప్పుడు చిప్పు వేగం తగ్గించుకొని పరీక్షలో నెగ్గి, తేలికపాటి ఆటలో పూర్తి వేగం అందుకొన్నప్పుడు విఫలం కావచ్చు. అందుచేత తేలికపాటి, బరువైన పనులు రెండింటితోనూ పరీక్షించాలి.

పరిమితులు

ఆటలో ఒక చుక్క రంగు తప్పితే, సెకనుకు 60 బొమ్మలు వచ్చే తెరపై అది రెప్పపాటులో మాయమవుతుంది. శాస్త్రీయ గణనలో తప్పు అలా మాయం కాదు; తరువాతి లెక్కలన్నిటిలోనూ కొనసాగుతుంది, తెరపై ఏ సూచనా ఉండదు. ప్రోటీన్ల ముడతలను అధ్యయనం చేసే ఫోల్డింగ్@హోమ్ పథకం 2006 నుండి ఇళ్ళలోని గ్రాఫిక్స్ కార్డులను కూడా వాడుకొంటున్నది. ఆ కార్డుల మెమరీని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మెమ్‌టెస్ట్‌జీ80 అనే సాధనంతో పరీక్షించి, మూడింట రెండు వంతుల కార్డులలో తప్పులు గుర్తించినట్లు 2010లో ప్రచురించారు. కనుక ఫలితం తప్పితే నష్టం కలిగే గణనలకు కార్డును అసలు వేగంతోనే వాడటం మంచిది.

జాగ్రత్తలు

* పరీక్షకు ముందు తెరచి ఉన్న ఫైళ్ళను భద్రపరచుకోవాలి.
* పరీక్ష పూర్తికాక ముందే, పెంచిన వేగం కంప్యూటరు ప్రారంభంలోనే అమలయ్యేలా అమర్చరాదు.
* తయారీదారు తెలిపిన గరిష్ఠ ఉష్ణోగ్రతను సమీపిస్తే పరీక్ష ఆపివేయాలి.
* గది వేడి పెరిగితే కార్డు వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. డిసెంబరులో నెగ్గిన కార్డును ఎండలు 40 డిగ్రీలు దాటే మే నెలలో మళ్ళీ పరీక్షించాలి.
* ఓవర్‌క్లాకింగ్ వలన కలిగే నష్టానికి వారంటీ వర్తించకపోవచ్చు. షరతులు ముందే చదువుకోవాలి.

ఇవి కూడా చూడండి

* ఓవర్‌క్లాకింగ్
* గ్రాఫిక్స్ కార్డు
* కంప్యూటరు మెమరీ