98 శాతం కరెక్టే... మరి స్తంభం ఏది?

మాది చీరాల. మా ఊరికి పేరు తెచ్చిన బట్టల్లో తేలియా రుమాలు ఒకటి. నేయక ముందే నూలుని, రంగు అంటకూడని చోట దారంతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. ఏ పోగులో ఏ ముక్కకి ఏ రంగో మగ్గం ఎక్కకముందే తేలిపోతుంది. కానీ లెక్క ఎక్కడ తప్పిందో నేశాక, బట్ట పరిచి చూస్తేనే కనబడుతుంది.

పాయింట్ క్లౌడ్ సెగ్మెంటేషన్ కూడా అంతే. లైడార్ లేజర్ కాంతిని పంపి, అది తగిలి తిరిగొచ్చే టైమ్‌ని బట్టి దూరం కొలుస్తుంది. అలా పోగైన చుక్కల గుంపే పాయింట్ క్లౌడ్. ‘ఇది రోడ్డు, ఇది గోడ, ఇది స్తంభం’ అని ప్రతి చుక్కకీ పేరు పెట్టడమే సెగ్మెంటేషన్. చుక్కల్ని నేరుగా తీసుకుని ఈ పని చేసే మోడళ్లకి దారి చూపింది 2017లో స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చిన పాయింట్‌నెట్.

అయితే మోడల్ ఇచ్చేది బొమ్మ కాదు, నంబర్ల వరుస. మనమేమో యాక్యురసీ చూసేసి రివ్యూకి వెళ్లిపోతాం. అసలు దెబ్బ అక్కడే.

ఓ చిన్న లెక్క వేద్దాం. మా వీధిని స్కాన్ చేస్తే 1000 చుక్కలు వచ్చాయనుకోండి. రోడ్డువి 700, ఇళ్లవి 280, కరెంటు స్తంభానివి 20. మోడల్ స్తంభాన్ని మొత్తం ఇల్లే అనుకుంది, మిగతావన్నీ కరెక్ట్. యాక్యురసీ 98 శాతం! అదే క్లాసుల వారీగా ఐఓయూ తీస్తే రోడ్డుకి 100, ఇళ్లకి 93.3, స్తంభానికి సున్నా. సగటు 64.4. ఈ మోడల్‌ని నమ్ముకుని నడిచే బండికి ఆ వీధిలో స్తంభమే లేదు.

అందుకే రంగులేసి చూడాలి. ఓపెన్‌త్రీడీ ఉంటే చాలు. నేను దెబ్బతిని నేర్చుకున్నవి ఇవి:

1. క్లాసుకో రంగు ముందే ఫిక్స్ చేయండి. రన్‌కో రంగు మారితే పోల్చలేం.

2. ఓపెన్‌త్రీడీలో రంగుల విలువలు 0 నుంచి 1 మధ్య ఉండాలి. 0–255లో ఉన్నవాటిని 255తో భాగించండి.

3. అసలు లేబుల్స్ ఒక బొమ్మ, మోడల్ చెప్పినవి ఇంకో బొమ్మ. రెండూ ఒకే కెమెరా కోణంలో పక్కపక్కన పెట్టండి.

4. మూడో బొమ్మ ముఖ్యం: కరెక్టయిన చుక్కలు బూడిద రంగు, తప్పినవి ఎరుపు.

ఇప్పుడు ఆ ఎరుపు ఎక్కడుందో చూడండి. గోడా నేలా కలిసే అంచుల్లో సన్నగా ఉంటే మోడల్ హద్దుల దగ్గర తడబడుతోందని. గళ్లుగళ్లుగా ఉంటే, సీన్‌ని ముక్కలు చేసి ఇచ్చినచోట అతుకులు తేడా కొట్టాయేమో చూడాలి. హోలీ ఆడినట్టు అంతటా చల్లేసి ఉంటే మోడల్‌ని తిట్టకండి, ముందు మీ కోడ్ చూసుకోండి. చుక్కల వరుస మారినా పాయింట్‌నెట్‌కి ఫర్వాలేదు. కానీ షఫుల్ చేసిన చుక్కల లేబుల్స్ తీసుకెళ్లి పాత వరుసకి అతికిస్తే రంగులన్నీ కలగాపులగమే. నాకు ఓ రాత్రంతా పోయింది దీనివల్లే!

మా వీధి లెక్కలో ఎరుపు 20 చుక్కలే. కానీ బొమ్మలో అవన్నీ ఒకే చోట, నిలువుగా, స్తంభం ఆకారంలో నిలబడతాయి. 98 అనే అంకె దాచింది ఆ నిలువు గీతనే.