కుక్కపిల్లల పెంపకము – దెబ్బలు లేకుండ మచ్చిక చేయు పద్ధతులు

గేదెకు దాణా పెట్టుట, కోడెను కాడికి అలవాటు చేయుట మన రైతులు వేరొకరి నడిగి తెలిసికొనవలసిన విషయములు కావు. కాని ఇంటి ముంగిట పడియుండు కుక్క విషయమున మాత్రము “దానికి నేర్పున దేమున్నది? నాలుగు తగిలించిన అదే నేర్చుకొనును” అను మాట గన్నవరము చుట్టుప్రక్కల నేను తిరిగిన ఊళ్లలో తరచుగ వినబడుచున్నది. వ్యవసాయాధికారి కుక్కలను గురించి వ్రాయుట ఏమని కొందరు నవ్వవచ్చును. కళ్లములో ధాన్యపు రాశిని, చేనిలో మోటారును, రాత్రివేళ పశువులపాకను కాయునది ఆ కుక్కయే. అదే కుక్క దారిన పోవు బడిపిల్లవానిని కరచినచో ఆ రెండిండ్లకును వచ్చు కష్టము ఇంతింత కాదు.

మా ఇంట జరిగిన సంగతి చెప్పెదను. నేను ఆరవ తరగతి చదువునాటికి మాకొక కుక్క యుండెడిది. పిల్లగా నున్నప్పుడు అది అన్నపు చిప్ప దగ్గరకు ఎవరైన పోయినచో గుర్రుమనెడిది. గుర్రుమన్నప్పుడెల్ల మా పెద్దలు చింతబరికెతో కొట్టెడివారు. కొన్నాళ్లకు గుర్రుమనుట మానినది. దానికి బుద్ధి వచ్చినదని అందరమును అనుకొంటిమి. ఏడాది తిరుగకుండ, చిప్ప దగ్గరకు దొర్లిన బంతి కొరకు వంగిన మా పినతండ్రి కుమారుని ముంజేతిపై, చిన్న శబ్దమైన చేయక, కరచినది. గుర్రుమనుట కుక్క చేయు హెచ్చరిక. దెబ్బలచే ఆ హెచ్చరిక పోయినదే కాని, తిండి లాగికొందురను దాని భయము పోలేదు. పిల్లవానికి సూదిమందులన్నియు వేయించితిమి. కుక్కను పది దినములు కట్టి చూడగా దానికి పిచ్చి లేదని తేలినది. పిల్లవాడు క్షేమముగ బయటపడెను. కుక్క మాత్రము మిగిలిన ఏండ్లన్నియు బావిగట్టున గొలుసుతోనే గడపినది.

అప్పుడు చేయవలసినది చాల తేలిక పని. పిల్ల తినుచుండగా దాని ప్రక్కనుండి నడచిపోవుచు, చిప్పలో దానికంటె రుచియైన ముక్క, ఉడికించిన గ్రుడ్డు తునక యైనను సరే, వేసి పోవలెను. రోజునకు ఒకటి రెండు సారులు ఇట్లు చేసినచో మనిషి చేయి చిప్ప దగ్గరకు వచ్చుట దానికి సంతోషమగును. పెద్దలు చేసి చూపిన తరువాతనే, పెద్దల యెదుటనే, పిల్లలచేత చేయింపవలెను. ఇదివరకే కోపము ముదిరిన పెద్ద కుక్కతో ఈ పని పిల్లలచేత చేయించరాదు.

కన్ను తెరచినదే చాలునని నెల నిండకుండ పిల్లను తెచ్చుట మన ప్రాంతమున వాడుక. పుట్టిన రెండు వారములకే కన్ను తెరచును. కాని తల్లియొద్ద ఎనిమిది వారములైన ఉండవలెను. తోడి పిల్లలతో పొర్లాడునప్పుడు గట్టిగా కరచిన రెండవది కెవ్వుమని ఆట మానును. పంటి నొక్కుడు ఎంతవరకు ఉండవచ్చునో పిల్లకు అక్కడనే తెలియును. తొందరపడి తెచ్చిన పిల్లకు ఈ చదువు ఉండదు.

మూడవ వారము మొదలు పదునాలుగవ వారము లోపల పిల్ల ఏమి చూచునో, ఏమి వినునో, అదియే దానికి జీవితమంతయు మామూలు విషయమగును. అమెరికాలోని బార్ హార్బర్ పరిశోధనశాలలో స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు చాల ఏండ్లు కుక్కపిల్లలను పరిశీలించి 1965లో గ్రంథము ప్రకటించిరి. పదునాలుగు వారములవరకు మనుష్యుల పొందు లేక పెరిగిన పిల్లలు అడవి జంతువులవలె బెదరెడివని అచ్చటనే తెలిసినది. కావున ఆ వయసులో పిల్లను గొడుగు వేసికొన్న మనిషికి, తట్ట నెత్తిన పెట్టుకొన్న ఆమెకు, తపాలా మనిషికి, ట్రాక్టరుకు, గేదెలకు, చంటిబిడ్డ ఏడుపునకు మెల్లమెల్లగ పరిచయము చేయవలెను. బెదిరినచో ముందునకు నెట్టక దూరముగ తీసికొనిపోయి అక్కడనుండి చూపవలెను. టీకాలు పూర్తి కానంతవరకు ఊరకుక్కలు తిరుగు చోట నేలమీద దింపక ఎత్తుకొని చూపుట మంచిది.

ఇక నేర్పుట. మొక్కై వంగనిది మానై వంగునా యని సామెత చెప్పుచు కర్ర తీయువారు, వంచుట వేరు, విరుచుట వేరు అని మరచుచున్నారు. కోడెను దుక్కికి మచ్చిక చేయునప్పుడు నేర్పరియైన రైతు దానిని పాత ఎద్దు ప్రక్కన కట్టి నడిపించును, ములుకర్ర వాడడు. కుక్కకును ఇదే న్యాయము. అది మనము కోరిన పని చేసిన క్షణముననే, రెండు సెకనులలోపల, చిన్న తిండి తునకయో మంచిమాటయో అందవలెను. ఆలస్యమైనచో దేనికి ఇచ్చినామో దానికి తెలియదు. శిక్ష విషయమును అంతే. పిల్ల తప్పిపోయి గంటకు వచ్చినప్పుడు కొట్టినచో, ఇంటికి వచ్చినందుకే కొట్టినట్లు తలచును. మరునాడు పిలిచిన రాదు. పేరుపెట్టి పిలిచినప్పుడెల్ల మంచియే జరుగవలెను. మందు త్రాగించుటకు, కట్టివేయుటకు పేరుపెట్టి పిలువరాదు. మనమే దాని దగ్గరకు పోవలెను.

కూర్చుండుట నేర్పుటకు ముక్కుపై తునక పట్టి మెల్లగా తలమీదుగ వెనుకకు జరిపినచో తల ఎత్తుచు తానే కూర్చుండును. వెంటనే తునక ఇయ్యవలెను. వాకిట మూత్రము పోయకుండుటకు, నిద్ర లేచినప్పుడు, తిన్న తరువాత, ఆడిన తరువాత ఒకే చోటికి దొడ్డిలోనికి తీసికొనిపోయి, అక్కడ పోసిన మెచ్చుకొనవలెను. ముక్కును మలములో రుద్దుట కొందరి యలవాటు. దానివలన పిల్ల నేర్చునది, మనకు కనబడకుండ ధాన్యపు బస్తాల చాటున పోయుట మాత్రమే. పాలపళ్లు ఊడు నాలుగు మొదలు ఏడు మాసములవరకు చెప్పులు, పంచెలు కొరుకుట సహజము. ముడివేసిన లావు త్రాడు ఇచ్చి, చేయి కొరికినప్పుడు ఆట మాని లేచిపోయిన చాలును.

కోడిపిల్లల వెంట పడు కుక్క మనవారికి పెద్ద బెడద. త్రాడు పట్టుకొని, కోడిపిల్లలు దూరముగ కనబడు చోట కూర్చుండి, పిల్ల వానినుండి చూపు త్రిప్పి మనవంక చూచినప్పుడెల్ల తునక ఇచ్చుచు, దినదినము కొంచెము దగ్గరకు జరుగవలెను. ఇది సాధ్యమా యని అడుగువారికి మన కొల్లేటి ప్రాంతపు జోనంగి కుక్కయే జవాబు. నుదుట ముడుతలు, ఒంటిపై మిక్కిలి పొట్టి వెండ్రుకలు, మొరుగుటకు బదులు రాగము తీసినట్టి అరుపు గల ఈ జాతిని బాతుల పెంపకందారులు మందలను తోలుటకు వాడెడివారు. బాతును చూచిన పట్టుకొనవలెనని పుట్టిన వేటజాతి, ఒక్క బాతునైన గాయపరచక మందను తోలినదనిన, అది దెబ్బలవలన వచ్చిన విద్య కాదని నా నమ్మకము. బాతుల మందలు తగ్గి చేపల చెరువులు పెరిగినకొలది జోనంగియు అరుదైనది. మేలైన జోనంగి పిల్ల దొరికినవారు కాపాడుకొనవలెను. సీమజాతులకంటె మన ఎండకు అది తట్టుకొనును.

పగలంతయు గొలుసున ఉంచిన కుక్క కాపలా బాగుగ కాయునను మాట సరికాదు. తిరుగుడు లేని కుక్క ప్రతివానిని చూచి మొరుగును; దొంగను, చుట్టమును వేరుపరుపలేదు. ఎల్లప్పుడు గొలుసుతో కట్టియుంచిన కుక్కకు తగిన తిరుగుడు లేకుండ చేయుట 1960వ సంవత్సరపు జంతు హింసా నివారణ చట్టము ప్రకారము నేరమని గ్రామాధికారులు చెప్పవలెను.

రెండు మూడు వారముల వయసునుండియే పురుగుమందు పట్టించవలెను. కుక్క కడుపులోని ఏలికపాములు మన పిల్లలకును అంటును. ఆరు నుండి ఎనిమిది వారముల మధ్య పార్వో మొదలగు వ్యాధుల టీకా మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన గడువులలో మరల వేయించవలెను. మూడు నెలలకు పిచ్చికుక్క వ్యాధి టీకా, తరువాత డాక్టరు చెప్పినట్లు మరల వేయించుట తప్పదు. గన్నవరములోని పశువైద్య కళాశాల మనకు దగ్గరనే యున్నది. ఎంత మచ్చికైన కుక్క కరచినను, గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే ప్రభుత్వ వైద్యశాలకు పోవలెను. పసుపు, కారము, సున్నము పెట్టరాదు. ఆ రోగము పైకి కనబడిన తరువాత చికిత్స లేదు.

చివరగ మా శాఖకు సంబంధించిన మాట యొకటి. ఎలుకల నిర్మూలనకు 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమోడయోలోన్ మందు కలిపి పెట్టు ఎర కుక్కకును విషమే. ఆ ఎర తిని చచ్చిన ఎలుకను తిన్నను ప్రమాదమే. పొట్లములను గట్టుపై విడువక కన్నములలోనికి త్రోసి మూయవలెను. చచ్చిన ఎలుకలను ఉదయముననే ఏరి లోతుగ పాతవలెను. ఎర పెట్టిన దినములలో కుక్కను ఇంటివద్దనే ఉంచవలెను. అది తిన్నట్లు అనుమానమైన, చిగుళ్లనుండి రక్తము కారువరకు ఆగక, మందు డబ్బాతో సహా పశువైద్యునివద్దకు తీసికొనిపోవలెను. ఈ మందునకు విరుగుడు విటమిన్ కె గలదు. జింక్ ఫాస్ఫైడునకు అట్టి విరుగుడు లేదు.