ఇంట పోసికొను రెజిను బిళ్లలు



చెంబుక్రింద బిళ్ల నుంచు నాచారము మన పల్లెలలో లేదు. చల్లనీటి గ్లాసునకు పట్టిన చెమ్మయు, కాఫీగ్లాసు వేడిమియు బల్లమెరుగును చెరచునని పట్టణములందు గ్లాసుక్రింద చిన్నబిళ్ల నుంచుట వాడుకయైనది. దానినే కోస్టరందురు. ఇప్పు డీ బిళ్లలను మన మనుమలును, మనుమరాండ్రును ఎపాక్సీ రెజినుతో నింటనే పోసికొనుచున్నారు. గాజువలె మెరయు బిళ్లలో పూలరేకులు చెక్కుచెదరక యుండుట ముచ్చటైన విషయమే. అయినను ఈ పనిలో మెలకువలు గలవు, అపాయమును గలదు. ఇంటి పెద్దలు రెంటిని నెఱిగియుండుట మేలు.

రెజినన బంకవంటి పదార్థము. మనకు లక్కయు, గుగ్గిలమును చిరపరిచితములు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱను తరిమెనపై త్రిప్పుచు రంగులక్క నొత్తుదురు. ఒరపిడి వేడిమికి లక్క కరగి కఱ్ఱకు పట్టి, చల్లారగనే గట్టిపడును. మరల వేడి సోకిన మెత్తబడును. ఎపాక్సీ తీరు వేఱు. విరిగిన వస్తువుల నతుకుటకు రెండు గొట్టములలో వచ్చు అరాల్డైటును మీరు చూచియుందురు. స్విట్జర్లాండునందలి సీబా సంస్థ 1946లో దానిని అంగడికి దెచ్చెను. కోస్టర్లకు వాడు రెజినును ఆ జాతిదే. ఒక సీసాలో రెజిను, రెండవదానిలో దానిని గట్టిపరచు హార్డెనరు నుండును. రెండును కలిసినప్పుడు వాని యణువులు ఒండొంటిని పట్టుకొని వలవలె నల్లుకొనును. ఇది తడి యారుట గాదు; రెండు పదార్థములు కూడి మూడవ దగుట. ఒకసారి గట్టిపడిన పిమ్మట మరల కరుగదు.

కావుననే యిందు కొలతయే ప్రాణము. మా తమ్ముని కుమార్తె తన పెండ్లిదండలోని రేకులను దాచుకొని నాలుగు బిళ్లలు పోసెను. పులుసులో నుప్పు వేసినట్లు కంటికొలతతో కలిపినందున మూడుదినములైనను బిళ్లలు జిగురు విడువలేదు. లోనిరేకులు నల్లబడెను. పాప మా పిల్ల కంట నీరు పెట్టుకొనెను. అదృష్టవశమున మా మరదలు దండలో సగమును వేరుగ దాచియుంచుటచే రెండవమారు ప్రయత్నము సాగినది. రెండవమారు కొలిచి కలిపిరి, బిళ్లలు కుదిరినవి.

కొలత యెట్లు? 10 సెంటీమీటర్ల అడ్డుకొలత, 8 మిల్లీమీటర్ల మందము గల గుండ్రని బిళ్లకు సుమారు 63 మిల్లీలీటర్లు కావలయును. సీసాపై రెండుపాళ్లకు ఒకపాలని యున్నచో రెజిను 42, హార్డెనరు 21 మిల్లీలీటర్లు. సీసాపై చెప్పినది కొలపాత్ర కొలతయో, తూకమో ముందుగ చదువవలెను. రెండు నొకటి గావు. త్వరగ గట్టిపడునని హార్డెనరు నెక్కువ పోయుట పొరపాటు.

రేకులను పుస్తకముల నడుమ బరువుక్రింద నుంచి బాగుగ నెండనీయవలెను. తడి మిగిలినచో బుడగలు లేచును, రంగు చెడును. సిలికోను అచ్చును రసమట్టముతో సరిచూచిన బల్లపై నుంచవలెను. రెండు ద్రవములను గిన్నె యంచులు, అడుగు గీకుచు నెమ్మదిగ మూడు నాలుగు నిమిషములు కలిపి, సన్నని ధారగ అచ్చులో సగమువఱకు పోయవలెను. కొంత చిక్కబడిన పిదప రేకుల నమర్చి తక్కినసగము పోసినచో నవి తేలిపోవు. పై పోతకు వేరుగ అప్పటికప్పుడే కలుపుకొనవలెను. బుడగలను సూదిమొనతో చిట్లించి, దుమ్ము పడకుండ పెట్టె బోర్లించవలెను. మఱునాటికి అచ్చునుండి తీయవచ్చును. పూర్తిగ గట్టిపడుటకు కొన్నిదినములు పట్టును.

ఇక అపాయము. పచ్చి రెజిను చేతికంటినచో కొందఱికి దురద, దద్దు పుట్టును. ఆ తత్త్వ మొకసారి యేర్పడినచో బ్రతుకంతయు వదలకపోవచ్చును. నైట్రైలు చేదొడుగులు తప్పనిసరి. చర్మమున పడినచో సబ్బునీటితో కడుగవలెను. పెయింటు కరగించు ద్రవములతో రుద్దరాదు. కిటికీలు తెఱచి, వంటయింటికి, పసిబిడ్డలకు దూరముగ పని చేయవలెను. అంచుల నరగదీయునపుడు రేగు దుమ్ము ఊపిరితిత్తులకు చేటు; తడిపి యరగదీయుచు మాస్కు ధరింపవలెను. మిగిలిన మిశ్రమమును గిన్నెలో గుట్టగ వదలరాదు. కూడికవేళ పుట్టు వేడిమి అందే నిలిచి, గిన్నె కాలి పొగలు వెడలును. పలుచగ పఱచి గట్టిపడిన పిమ్మటనే పాఱవేయవలెను, కాలువలో పోయరాదు.

ఒక్కమాట మిగిలినది. కరుగకపోయినను చాలరకముల రెజిను మరుగుచున్న కాఫీవేడికి మెత్తబడి గ్లాసు గుర్తు పడును. వేడికి తాళునని సీసాపై వ్రాసిన రకమునే కోస్టర్లకు కొనవలెను.

పిల్ల లీపని చేయుచున్నప్పుడు వలదని గద్దింపకుడు. ప్రక్కన గూర్చుండి, చేదొడుగులు తొడిగిరా, కిటికీ తెఱచిరా, కొలిచిరా యని మూడుప్రశ్నలు వేయుడు. ఆ పిమ్మట వారు తెచ్చిన బిళ్లపై మీ మజ్జిగగ్లాసు నుంచుడు.