జపాన్ కారులో నమ్మకం, మజా రెండూ దొరుకుతాయా?

మా మామూ ఇరవై ఏళ్లు జెద్దాలో డ్రైవర్‌గా పనిచేశారు. మంచి కారు అంటే ఆయనకు ఒకటే లెక్క: పొద్దున తాళం తిప్పగానే స్టార్ట్ కావాలి, రాత్రికి ఇంటికి చేర్చాలి. దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్న ఆయన కొడుక్కి మాత్రం అది చాలదు. మొన్న ఈద్‌కి వచ్చినప్పుడు దస్తర్‌ఖాన్ మీదే వాదన మొదలైంది. "కరోలా నడిపితే నిద్రొస్తుంది అబ్బా, సెకండ్ హ్యాండ్‌లో టొయోటా జీఆర్86 చూస్తున్నా" అన్నాడు. "బండి బాగుకే జీతమంతా పోతే మేడ మీద గదులు ఎప్పుడు కడతావ్?" అని మామూ. "నువ్వు బీకాం చదివావు కదా, లెక్క చెప్పు" అంటూ చివరికి ఇద్దరూ నా మీద పడ్డారు.

గల్ఫ్‌లో మనవాళ్లున్న చాలా ఇళ్లలో ఇదే వాదన నడుస్తుంటుంది. అందుకే ఆ లెక్క ఇక్కడ రాస్తున్నా.

కరోలా ఎందుకు మొరాయించదు?

కరోలా 1966లో మొదలైంది. ఇప్పటికి 5 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. దీని వెనక మాయేమీ లేదు. టొయోటా కొత్త టెక్నాలజీని తొందరపడి పెట్టదు, పని చేస్తున్న దాన్నే కొంచెం కొంచెం మెరుగు చేస్తూ పోతుంది. ఫ్యాక్టరీలో ఏ కార్మికుడికైనా తప్పు కనిపిస్తే తాడు లాగి పిలవొచ్చు. అది వెంటనే సరికాకపోతే లైనే ఆగిపోతుంది. తప్పు ముందుకు పోకూడదన్నది అక్కడి పద్ధతి.

రెండో కారణం, ఇంజిన్ మీద ఒత్తిడి తక్కువ. గల్ఫ్‌లో అమ్మిన 1.6 లీటర్ కరోలా సుమారు 120 హార్స్‌పవర్ ఇస్తుంది. అదే టొయోటా 2020లో తెచ్చిన జీఆర్ యారిస్ కూడా 1.6 లీటరే, కానీ టర్బోతో 260 దాకా లాగుతుంది. అంత పవర్ తీయాలంటే లోపల వేడి, ప్రెషర్ బాగా పెరుగుతాయి. అది చెడ్డ ఇంజిన్ అని కాదు. ఆయిల్ మార్చడం రెండు నెలలు లేటైతే కరోలా సర్దుకుపోవచ్చు, ఇలాంటి ఇంజిన్ అంత తేలిగ్గా క్షమించదు.

మజా అంటే పవర్ ఒక్కటేనా?

కాదు. 1989లో వచ్చిన మాజ్డా ఎంఎక్స్-5 చూడండి. మొదటి మోడల్ బరువు టన్ను కూడా లేదు. చిన్న ఇంజిన్, చేత్తో వేసే గేర్లు, వెనక చక్రాలకు పవర్. గుర్రం, రౌతు ఒక్కటైనట్టు ఉండాలన్నది ఆ కంపెనీ ఆలోచన. మజా అంతా తేలికదనంలో, స్టీరింగ్‌లో ఉంది కాబట్టి ఇంజిన్‌ను పిండాల్సిన అవసరం రాలేదు. అందుకే కార్ల పిచ్చి ఉన్నవాళ్లు "మజా, నమ్మకం రెండూ" అనగానే ముందు దీని పేరే చెబుతారు.

హోండాది ఇంకో దారి. వీటెక్ ఇంజిన్ మామూలు వేగంలో పొదుపుగా నడుస్తుంది. ఆర్‌పీఎం పెరిగాక వాల్వులు ఎక్కువగా తెరుచుకుని ఇంజిన్ స్వభావమే మారుతుంది. మన దగ్గర పాత హోండా సిటీ వీటెక్‌కి ఇప్పటికీ అభిమానులు ఉన్నది అందుకే.

జపాన్ ముద్ర ఒక్కటే చాలదు

అదే మాజ్డా 2003లో ఆర్ఎక్స్-8 తెచ్చింది. పిస్టన్లు లేని రోటరీ ఇంజిన్. నడపడానికి అద్భుతం. కానీ సీళ్లు అరగకుండా ఆ ఇంజిన్ కావాలనే కొంచెం ఆయిల్ కాలుస్తుంది. పెట్రోల్ పోయించినప్పుడల్లా ఆయిల్ చూసుకోని వాళ్లకు ఆ బండి పెద్ద ఖర్చే తెచ్చింది.

మజా లేని బండి అయితే గ్యారంటీగా నమ్మొచ్చా అంటే అదీ లేదు. అమెరికాలో నిస్సాన్ 2003-2010 మోడళ్ల సీవీటీ గేర్‌బాక్సుకు వారంటీని 10 ఏళ్లకు పొడిగించాల్సి వచ్చింది. టొయోటా కూడా ఇంజిన్‌లో లోహపు రజను మిగిలిపోయిందని 2024లో సుమారు లక్ష బండ్లను రీకాల్ చేసింది. కాబట్టి బ్రాండ్ పేరు చూసి కాదు, ఆ ఇంజిన్, ఆ గేర్‌బాక్స్ ఎలాంటిదో చూసి కొనాలి.

సెకండ్ హ్యాండ్‌లో చూడాల్సినవి

గల్ఫ్‌లో ముందు అడగాల్సింది "జీసీసీ స్పెక్ బండేనా?" అని. అక్కడి ఎండకు తగ్గట్టు ఏసీ, కూలింగ్ ఉన్న బండ్లు అవి. అమెరికాలో యాక్సిడెంట్ అయి, ఇన్సూరెన్స్ వాళ్లు వదిలేసిన బండ్లు కూడా రిపేరై అక్కడి మార్కెట్‌కి వస్తాయి. ఛాసిస్ నంబర్‌తో హిస్టరీ తీయించకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

స్పోర్ట్స్ కారైతే ఇంకో ప్రశ్న: ముందు నడిపినవాడు ఎలాంటివాడు? కంప్యూటర్ ట్యూన్ మార్చి పవర్ పెంచిన బండికి, సర్వీసు రికార్డు లేని బండికి దూరంగా ఉండాలి. కరోలా అయితే ముందు టాక్సీగా తిరిగిందేమో చూడాలి.

చివరికి లెక్క

జీఆర్86లో టర్బో లేదు, దాన్ని చూసి భయపడాల్సిన పని లేదు. మామూ భయపడుతున్న రిపేర్ల కంటే రోజువారీ ఖర్చే అసలు తేడా: ఇన్సూరెన్స్, టైర్లు, ఖరీదైన పెట్రోల్. పైగా రెండే తలుపులు, వెనక సీట్లో పిల్లలు కూర్చోవడమే కష్టం. వచ్చే ఏడాది భార్యను, బిడ్డను తీసుకెళ్తానంటున్నాడు మావాడు.

అందుకే మధ్య దారి చెప్పా: మాజ్డా 3. నాలుగు తలుపులు, టర్బో లేని ఇంజిన్, సీవీటీ కాకుండా మామూలు ఆటోమేటిక్ గేర్లు, మలుపుల్లో హుషారు. మిగిలిన డబ్బుతో ఇంటి పని మొదలుపెట్టొచ్చు.

పోయిన వారం ఫోన్ చేశాడు. నడిపి చూశాడట, నచ్చిందట. పక్కనుంచి మామూ అడిగింది ఒక్కటే: "పొద్దున స్టార్ట్ అవుతుందా?"