ఉల్లిగడ్డ బూజు చెప్పే చక్కెర లెక్క

పదో తరగతిలో విసర్జన పాఠం నడుస్తుంటే ఒక అమ్మాయి లేచింది. “సార్, మా నాయనమ్మ మోకాళ్ల నొప్పులని బోనకల్ దవాఖానకు పోతే డాక్టర్ సారు మూత్రం తెమ్మన్నడట. మోకాలికీ మూత్రానికీ ఏం సంబంధం?” క్లాసంతా గొల్లుమంది. నవ్వి వదిలేసే ప్రశ్న కాదది.

కొత్తగా వచ్చిన మనిషి ఒంట్లో ఏముందో డాక్టరుకు తెలియదు. నొప్పి మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీయగలవు, ముందే దెబ్బతిన్నవాటిని మరింతగా. షుగరైనా, మూత్రపిండాల జబ్బైనా తొలి రోజుల్లో నొప్పి పుట్టించదు. మనిషి చెప్పలేనిది మూత్రం చెబుతుంది, అదీ సూది పోటు లేకుండా. మన మూత్రపిండాలు రక్తంలోంచి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే బయటికి పంపిస్తాయి. వడగట్టినప్పుడు జారిన గ్లూకోజునంతా తిరిగి రక్తంలోకి లాగేసుకుంటాయి. రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే ఇక అంతా లాగలేవు. మిగిలింది మూత్రంలో పడుతుంది.

దాన్ని పట్టుకునే పద్ధతి ఒకప్పుడు బెనెడిక్ట్ ద్రావణం. పరీక్షనాళికలో 5 మిల్లీలీటర్ల నీలి మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి మరిగించాలి. ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు... రంగు ముదిరినకొద్దీ చక్కెర ఎక్కువ. చూడ్డానికి బాగుంటుంది కానీ ఈ మందుకు ఏది ఏ చక్కెరో పోల్చుకోవడం రాదు. రాగిని క్షయకరణం చేసే పదార్థం ఏది దొరికినా రంగు మార్చేస్తుంది. పాలిచ్చే తల్లి మూత్రంలో పాలచక్కెర ఉంటే ఆమెకూ షుగరని చెప్పేస్తుంది. 1941లో అమెరికాలోని మైల్స్ కంపెనీ తెచ్చిన క్లినిటెస్ట్ బిళ్ల మరిగించే పని తప్పించింది. బిళ్లలోని కాస్టిక్ సోడా కరుగుతూ తన వేడితో తానే మూత్రాన్ని ఉడికిస్తుంది. అయినా రసాయనం అదే రాగి, లోపమూ అదే.

మా పిల్లలకు నేను చూపించేది ఆ తరువాత వచ్చిన కాగితం పుల్ల, దవాఖానల్లో స్ట్రిప్ అంటారే, అది. చివరన చిన్న చిన్న రంగు గళ్లుంటాయి. గ్లూకోజు గడి ఒక్కటి చాలు, గంట పాఠం చెప్పొచ్చు. ఆ గడిలో రెండు ఎంజైములు ఎండబెట్టి ఉంటాయి. మొదటిది గ్లూకోజ్ ఆక్సిడేజ్. ఇది బూజు నుంచి వస్తుంది. నిలవ ఉల్లిగడ్డ పొర తీస్తే నల్లటి పొడిలా చేతికంటుతుందే, ఆ అస్పర్జిల్లస్ నైజర్ కూడా దీన్ని తయారుచేస్తుంది. ఈ ఎంజైము గ్లూకోజును తప్ప మిగతా చక్కెరలను పట్టించుకోదు. గాలిలోని ఆక్సిజన్‌తో దాన్ని గ్లూకోనిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ పనిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. అక్కడే కాచుకుని ఉన్న రెండో ఎంజైము పెరాక్సిడేజ్ దాన్ని అందుకుంటుంది. ఇది ముల్లంగికి చుట్టమైన హార్స్‌రాడిష్ అనే దుంప నుంచి తీసింది. పెరాక్సైడ్‌ను వాడుకుని పక్కనున్న రంగు పదార్థాన్ని ఆక్సీకరిస్తుంది, గడి రంగు మారుతుంది. మంట లేదు, గాజు నాళిక లేదు. సుమారు అర నిమిషం. పాలచక్కెర ఎంతున్నా గడి కదలదు.

ఈ ఉపాయం 1956లో ఒకేసారి రెండు కంపెనీల నుంచి బయటికొచ్చింది. మైల్స్ వారి ఏమ్స్ విభాగంలో పనిచేసే ఆల్‌ఫ్రెడ్ ఫ్రీ, హెలెన్ ఫ్రీ దంపతులు పుల్లగా చేసి క్లినిస్టిక్స్ అన్నారు. ఎలీ లిల్లీ వాళ్లు సెల్లోటేపులా చుట్టచుట్టి, కావలసినంత తుంచుకోమని టెస్‌టేప్ అమ్మారు. నాకైతే పుల్లే గొప్ప. టేపు మీద ఒక పరీక్షే. పుల్ల మీద వరసగా ఎన్ని గళ్లయినా అతికించుకోవచ్చు. మరుసటి ఏడాదే ప్రొటీన్ పుల్ల వచ్చింది. దాని రంగును ఆమ్లత్వం మారకుండా పసుపుగా పట్టి ఉంచుతారు. అల్బుమిన్ వచ్చి ఆ రంగుకు అతుక్కుంటే ఆకుపచ్చ అవుతుంది. గర్భిణి వచ్చిన ప్రతిసారీ మూత్రం చూసేది ముఖ్యంగా ఈ అల్బుమిన్ కోసమే. బీపీతో పాటు అది కనిపిస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదం.

అంతకుముందు నాళిక పైభాగాన్ని స్పిరిట్ దీపం మీద వేడిచేసేవారు. తెల్లగా మబ్బు పడితే ఎసిటిక్ ఆమ్లం చుక్క వేయాలి. మబ్బు విడిపోతే అవి ఫాస్ఫేట్లు, నిలిస్తే అల్బుమిన్. ఆ ఫాస్ఫేట్లలోని ఫాస్ఫరస్‌ను రంగుతో లెక్కగట్టే దారి చూపింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతిలో మాలిబ్డినం నీలం ఎంత చిక్కగా వస్తే రక్తంలోనో మూత్రంలోనో ఫాస్ఫరస్ అంత ఉన్నట్టు. ఆ పద్ధతే వాళ్లను ఫాస్ఫోక్రియాటిన్ దగ్గరికీ, ఏటీపీ దగ్గరికీ తీసుకుపోయింది. రంగు చూసి లెక్క చెప్పే విద్యలో తెలుగువాడి పేరు అలా నిలిచింది.

పుల్ల తరువాతి కథ మీకు తెలిసిందే. గ్లూకోజు గడిలోని గ్లూకోజ్ ఆక్సిడేజే రక్తపు చుక్క చదివే గ్లూకోమీటర్లలోకి వెళ్లింది, షుగరు లెక్కకు ఇప్పుడు రక్తాన్నే నమ్ముతారు. పుల్లకూ బలహీనతలున్నాయి. శ్రీకాకుళం ఉద్దానంలోని మూత్రపిండాల జబ్బులో తొలి దశలో అల్బుమిన్ పెద్దగా పడదు, క్రియాటినిన్ కోసం రక్తం తీయక తప్పదు. ఖమ్మం ఎండకు, తేమకు మూత తీసి పెట్టిన సీసాలో గళ్లు చెడిపోతాయి. విటమిన్ సి సంగతి మరీ విచిత్రం: బెనెడిక్ట్‌లో లేని చక్కెరను ఉన్నట్టు చూపిస్తుంది, పుల్ల మీద ఉన్న చక్కెరను దాచేస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి కొత్త షుగరు మాత్రలైతే గ్లూకోజును మూత్రంలోకి తోసే పనే చేస్తాయి. రక్తంలో షుగరు మామూలుగా ఉన్నా అవి వాడేవాళ్ల మూత్రంలో చక్కెర కనిపిస్తుంది.

అందుకని డబ్బా ఇచ్చినప్పుడు మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టండి. రెండు గంటల్లోపు పరీక్షకు అందేలా ఇవ్వండి. ఏ మాత్రలు వేసుకుంటున్నారో, విటమిన్ బిళ్లలతో సహా, అడగకముందే డాక్టరుకు చెప్పండి.