యాప్ పడిపోయింది సరే.. తోసిందెవరు?

యాప్ టక్కున మూసుకుపోతే మనవాళ్లు చెప్పే కారణాలు రెండే: ‘నెట్ లేదు’, ‘ఫోన్ పాతదైంది’. యాప్‌లు రాయడమే నా ఉద్యోగం. నేనైతే ముందు క్రాష్ రిపోర్టు చూస్తాను. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, పడిపోయే ముందు కోడ్‌లో ఏది దేన్ని పిలిచింది.. అన్నీ అందులో వరుసగా ఉంటాయి. ఆ వరుసనే స్టాక్ ట్రేస్ అంటారు.

మాది సూర్యాపేట. ఇక్కడి నుంచీ, కోదాడ నుంచీ మిర్యాలగూడ రైస్ మిల్లులకు ధాన్యం లారీలు వెళ్తుంటాయి. ఆ డ్రైవర్లు వాడే ఓ యాప్ సంగతి చూడమని నన్ను అడిగారు. కాటా చీటీ ఫొటో తీసి ఓకే కొట్టగానే యాప్ మాయం! చీటీ అప్‌లోడ్ కాకపోతే కిరాయి డబ్బులు ఆగిపోతాయి.

రిపోర్టులో ‘నల్ పాయింటర్ ఎక్సెప్షన్’ అని ఉంది. అంటే, ఏదో ఉందనుకుని ఖాళీ డబ్బాలో చెయ్యి పెట్టడం. ఏ లైన్లోనో కూడా ఉంది. ‘ఖాళీగా ఉంటే వదిలెయ్’ అని అక్కడ ఒక్క ముక్క రాస్తే క్రాష్ ఆగుతుంది. కానీ చీటీ మాత్రం చేరదు! అసలు డబ్బా ఎందుకు ఖాళీ అయింది?

రిపోర్టులన్నీ పక్కపక్కన పెడితే తెలిసింది. దాదాపు అన్నీ 2 జీబీ ర్యామ్ ఫోన్లే. కెమెరా తెరవగానే మెమరీ చాలక, వెనకున్న యాప్‌ను ఆండ్రాయిడ్ ఆపేస్తోంది. తిరిగొచ్చేసరికి యాప్ మళ్లీ మొదటి నుంచి లేస్తోంది. ఫొటో ఎక్కడుందో దానికి గుర్తుండట్లేదు. ఆ వివరాన్ని కెమెరా తెరవకముందే ఫోన్లో భద్రం చేయిస్తే క్రాష్ ఆగింది, చీటీ కూడా చేరింది.

ఒక్కోసారి తప్పు యాప్‌లోనే ఉండదు. 2021 మార్చిలో ఎన్నో దేశాల్లో జీమెయిల్ సహా చాలా ఆండ్రాయిడ్ యాప్‌లు ఒక్కసారిగా మూసుకుపోయాయి. యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే ‘ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ’లో వచ్చిన లోపం అది. గూగుల్ అప్‌డేట్ ఇచ్చాకే కుదుటపడింది.

అందుకే యాప్ పడిపోగానే రీసెట్ కోసం మొబైల్ షాపుకి పరుగెత్తకండి. ముందు అప్‌డేట్ ఉందేమో చూడండి. తొందరపడి ‘క్లియర్ డేటా’ నొక్కొద్దు, ఆ యాప్ ఫోన్లో దాచుకున్నవన్నీ పోతాయి. ఇక రివ్యూలో ‘వేస్ట్ యాప్’ అని తిట్టే బదులు, మీ ఫోన్ మోడల్, ఏం చేస్తుండగా పడిందో రాయండి. పడిన చోటు రిపోర్టే చెబుతుంది. తోసిందెవరో పట్టుకోవడానికి మాకు ఆ ఒక్క వాక్యం చాలా పనికొస్తుంది.